మౌలాలి గుట్ట మీదుగా పూలలోయకు

సోలాంగ్ లోయ చూసి మనాలీ హోటలుకు తిరిగొచ్చిన రాత్రి మా అబ్బాయి ఒక కాగితం తీసుకుని, ఆ మూడు రోజుల్లో చేసినవన్నీ వరసగా రాసుకున్నాడు. సెలవులయ్యాక బళ్ళో చెప్పుకోవాలని వాడి ఆరాటం. రోప్‌వే ఎక్కాం. పారాగ్లైడింగ్ చేశాం. మంచు మీద స్కూటరు ఎక్కాం. గుర్రం ఎక్కాం. పెద్ద గాలిబంతిలో దొర్లాం. పిర్డీ దగ్గర బియాస్ నదిలో రాఫ్టింగ్ చేశాం. జడలబర్రె మీద ఫొటో దిగాం. మొత్తం ఏడు. కాగితం నా చేతికిచ్చి, "అమ్మా, ఏమన్నా మరిచిపోయిన్నా చూడు" అన్నాడు.

వాడేమీ మరిచిపోలేదు. చదువుతుంటే మాత్రం నాకొకటి కనిపించింది. ఏడింటికి ఏడూ మేం కూర్చుని చేసినవే. గాలిబంతిలో కూడా పట్టీలు బిగించి కూర్చోబెట్టే దొర్లించారు.

అది 2018 మే. కూర్చుని చేసినవని వాటిని తక్కువ చేయడం లేదు. పారాగ్లైడర్ కింద పైలట్ ముందు కూర్చుని నేల విడిచిన క్షణం ఈ రోజుకీ నా ఒంట్లో ఉంది. కాళ్ళ కింద దేవదారు కొనలు, వాటి కింద సన్నటి వెండితీగలాగా నీళ్ళు, పక్కన ఇంకో రెక్క కింద మావాడి కేక. ఆ కొద్ది నిమిషాలు నా జీవితంలో మంచి నిమిషాలే. ఆ పైలట్ కుర్రాళ్ళకు అది బతుకుదెరువు కూడా. ఎండాకాలంలో మనలాంటి వాళ్ళం వెళ్తేనే వాళ్ళింట్లో చలికాలం గడుస్తుంది. నా బాధ వేరే. మూడు రోజులు ఆ లోయలో ఉన్నాను, దాని నేల నా పాదాలకు తెలియకుండానే తిరిగొచ్చాను.

తెలుసుకునే అవకాశం రాలేదని కూడా అనలేను. చివరి రోజు పొద్దున్నే వశిష్ఠ్ ఊరికి వెళ్ళాం. అక్కడి వేడినీటి గుండం చూశాక, ఊరి వెనక నుంచి కాలిబాట పట్టి నడిస్తే జోగిని జలపాతం వస్తుందని హోటల్లో పనిచేసే అబ్బాయి చెప్పాడు. బయల్దేరాను. ఇరవై నిమిషాలు కాకముందే ఊపిరి అందలేదు, పిక్కలు పట్టేశాయి. ఒక బండరాయి మీద కూర్చున్నాను. నాకంటే పెద్దావిడ, వీపు మీద గడ్డిమోపుతో, నన్ను దాటుకుని పైకి వెళ్ళిపోయింది. వెళ్తూ నవ్వి ఏదో అంది. ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేంతసేపు ఆమె పక్కన నడవగలిగి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ వెనక్కి దిగాను.

నేను నాచారంలో ఉంటాను. బళ్ళో సాంఘికశాస్త్రం చెప్తాను. పాతికేళ్ళుగా హిమాలయాల పాఠం చెప్తున్నాను. ఆల్పైన్ వృక్షజాలం అని బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పరీక్షలో వస్తుందని పిల్లలకు చెప్పినదాన్ని. యూరప్‌లోని ఆల్ప్స్ పేరు మీద వచ్చిన మాట అది. చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన, ఏడాదంతా ఉండే మంచుకు కింద, గడ్డీ పూలూ మాత్రమే బతికే మేర ఒకటుంటుంది. గఢ్వాల్‌లో దాన్ని బుగ్యాల్ అంటారు, కులూ వైపు థాచ్ అంటారు. అక్కడికి చేరడానికి కింది నుంచి నడిస్తే ముందు దేవదారు, తర్వాత కైల్ అనే నీలి పైన్, ఇంకా పైకి వెళ్తే తెల్లటి బెరడు పొరలు పొరలుగా ఊడే భూర్జవృక్షం వస్తాయి. ఆ భూర్జపత్రాల మీదే మనవాళ్ళు ఒకప్పుడు గ్రంథాలు రాసుకున్నారు. 3,300 మీటర్లు దాటాక 3,600 లోపు ఎక్కడో ఒకచోట చెట్టు అనేది ఆగిపోతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు, ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంటుంది కాబట్టి ఇదంతా జరుగుతుంది. నడిచేవాడికి ఈ మార్పు ఒక్కో అడుగులో, ఒక్కో చెమటచుక్కలో తెలుస్తుంది. రోప్‌వే డబ్బాలో అద్దం వెనక నుంచి చూసిన నాకు అది కొన్ని నిమిషాల్లో అయిపోయింది. కింద ఏ చెట్టు ఉందో, పైన ఏది లేదో నేను గమనించనే లేదు. పాతికేళ్ళు పాఠం చెప్పినదాన్ని.

ఇంటికొచ్చాక మా ఎదురింటి అక్కకు ఈ ముచ్చటంతా చెప్పాను. ఆమెది భువనగిరి పక్క పల్లె. చిన్నప్పుడు మేకల వెంట గుట్టలెక్కిన మనిషి. అప్పటికి ఆమెకు అరవై దగ్గర పడుతోంది.

"గంత దూరం పోయి నడవకుంట ఒచ్చినవా చెల్లె? మన మౌలాలి గుట్ట ఏడికి పోయింది? రేపు పొద్దుగాల్నే పోదాం పా" అంది.

నాచారం నుంచి మౌలాలి ఎంతో దూరం లేదు, స్కూటీ మీద పావుగంట. రోజూ దూరం నుంచి చూసే గుట్టే అది, ఊరి నడుమ ఒంటరిగా లేచిన పెద్ద బండ. పైన కుతుబ్‌షాహీల కాలం నుంచి ఉన్న హజ్రత్ అలీ దర్గా. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుతున్నప్పుడు, 1578లో, ఆయన కొలువులోని యాకూత్ అనే ఆయనకు వచ్చిన కలతో ఆ చోటు పుణ్యస్థలమైందని చెప్పుకుంటారు. గుట్ట పాదంలో ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా సమాధి, చుట్టూ తోట. పైకి ఐదువందలకు దగ్గరగా రాతిమెట్లు. మొక్కుబడి ఉన్నవాళ్ళు ఎక్కుతారు, పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవాళ్ళు ఎక్కుతారు. ఇన్నేళ్ళుగా దాని నీడన ఉండి నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు.

మొదటి రోజు మూడుచోట్ల ఆగాను. అక్క నా పక్కనే ఆగింది, తొందరపెట్టలేదు. ఆ రోజు ఆమె చెప్పిన ఒక మాట తర్వాత హిమాలయాల్లో నన్ను నిలబెట్టింది. "ముచ్చట పెట్టుకుంట ఎక్కాలె చెల్లె. నోట్లె మాట ఆగిందంటే కాలు జోరు ఎక్కువైనట్టు. అప్పుడు కాలు తగ్గించు, మాట ఆపకు." వైద్యులూ ఇదే చెప్తారని తర్వాత తెలిసింది. మాట్లాడగలిగినంత వేగంలో నడిస్తే గుండె మీద మోయలేని భారం పడదు. ఎక్కేటప్పుడు చిన్న చిన్న అడుగులు వేయమంది. దిగేటప్పుడు పాదం కొంచెం అడ్డంగా పెట్టి, మోకాలు కాస్త వంచి, బరువును తొడల మీదికి తెచ్చుకోమంది. కొండ ఎక్కడం గుండె పని, దిగడం మోకాళ్ళ పని. నాలాంటి వయసు ఆడవాళ్ళకు రెండోదే కష్టం, దాని గురించి ముందుగా చెప్పేవాళ్ళే తక్కువ.

వారానికి మూడురోజులు అలా మొదలై, ఐదు రోజులైంది. ఆరునెలలకు ఆగకుండా ఎక్కగలిగాను. పైన నిలబడితే ఒకవైపు చర్లపల్లి, మల్లాపూర్ షెడ్లు, ఇంకోవైపు నాచారం ఇళ్ళ మీది నీళ్ళట్యాంకులు, దక్షిణాన పొగమంచులో ఉప్పల్. ఆ ఊళ్ళ మధ్య అక్కడక్కడా ఇంకా మిగిలిన బండలు. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. హిమాలయాలు పుట్టడం మొదలై 5 కోట్ల ఏళ్ళు. ఇంకా ఏటా కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉన్నాయి. మనది తాతముత్తాతల రాయి, అక్కడిది ఇంకా ఎదుగుతున్న పసికొండ. పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకుని పసివాళ్ళ దగ్గరికి వెళ్ళడం మంచి పద్ధతి అనిపించింది నాకు. ఈ పెద్దవాళ్ళను పగలగొట్టి కంకర చేస్తున్నారన్న బాధతో హైదరాబాదులో 1996లో శిలల పరిరక్షణకు ఒక సొసైటీయే పెట్టుకున్నారు. వాళ్ళు బండల మధ్య నడకలు కూడా జరుపుతారు. మా వైపు బండలు ఎన్ని పోయాయో ఇళ్ళ పునాదుల్లో చూడాల్సిందే.

ఆ తర్వాతి మెట్టు భువనగిరి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్ బస్సో యాదగిరిగుట్ట బస్సో ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా దిగొచ్చు. ఆ రింగురోడ్డు అంటే చాలామందికి దుమ్ము, హారన్లు, ఎప్పటికీ పూర్తికాని ఫ్లైఓవర్ స్తంభాలు. నాకు మాత్రం అది ఎవరెస్టు దారిలో మొదటి బస్టాపు. ఎందుకో చెప్తాను.

భువనగిరి కోట ఉన్నది ఒకే ఒక్క బండ మీద. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయి, అదే భువనగిరి అయింది. ఐదువందల అడుగులకు పైగా నున్నగా లేచిన ఆ రాతి మీద సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు రాళ్ళెక్కడం నేర్పారు. మొదటిసారి ఆ బండను చేతులతో తడిమిన పిల్లల్లోంచి ఏరి, డార్జిలింగ్ పంపి, లదాఖ్ చలిలో తిప్పి, చివరికి ఇద్దరిని ఎవరెస్టుకు పంపారు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎక్కి శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు. అంతవరకు అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల ప్రపంచంలో లేదు. ఆ పిల్ల వేళ్ళకు మొదట తెలిసిన కొండ మా బస్సు దారిలో ఉంది.

ఆ సంతోషం ఇంకా ఆరకముందే, రెండువారాలకు, జూన్ 8న ఇంకో వార్త వచ్చింది. హైదరాబాదు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు విహారయాత్రకు మనాలీ వెళ్తూ, మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ ఒడ్డున బస్సు ఆపి, నీళ్ళు తక్కువగా ఉన్న నదిలోకి దిగారు. రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. పైన లార్జీ ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలారు. నిమిషాల్లో 24 మంది విద్యార్థులు, వాళ్ళతో వెళ్ళిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ రోజుల్లో నగరంలో ఏ ఇంట్లో చూసినా అదే మాట, అదే వీడియో. నేను ఆ వీడియో రెండోసారి చూడలేదు. నా బళ్ళో ఒకప్పుడు చదివిన పిల్లలు ఆ వయసుకు వచ్చి ఉంటారన్న ఆలోచన నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ముందుగా హెచ్చరించకుండా నీళ్ళు వదలడం ఆ పిల్లల తప్పు కాదు. అది ఎప్పటికీ చెప్పుకోవాల్సిన మాట. అయినా టీచరుగా నాకు ఇంకో బాధ మిగిలింది. మనం మూసీ ఒడ్డు వాళ్ళం. 1908 సెప్టెంబరు 28న ఈ ఊరిని ముంచెత్తిన నది కథ మన ఇళ్ళలో ముసలివాళ్ళు చెప్పుకుంటూ వచ్చారు. ఆ వరద తర్వాత కట్టుకున్నవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. వానాకాలంలో వాటి గేట్లు ఎత్తితే కింద చాదర్‌ఘాట్‌లో, మూసారాంబాగ్ వంతెన మీద, మా ఉప్పల్ భగాయత్ ఒడ్డున నీళ్ళు ఎంత వేగంగా పెరుగుతాయో ప్రతి రెండు మూడేళ్ళకూ చూస్తూనే ఉన్నాం. మన వాకిట్లో ఆకాశం తేటగా ఉన్నా పైన గేటు ఎత్తితే నది వస్తుంది. ఇంటి దగ్గర తెలిసిన ఈ నిజాన్ని లోయకు వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళమని నేను పిల్లలకు ఏ రోజూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. పైన ఆనకట్ట ఉన్న నదిలో, నీళ్ళు ఎంత తక్కువగా ఉన్నా, రాళ్ళ మీదికి దిగొద్దు. మంచు కరిగి పారే వాగును పొద్దున్నే దాటండి, ఎండ పెరిగే కొద్దీ మంచు ఎక్కువ కరిగి మధ్యాహ్నానికి అదే వాగు రెట్టింపవుతుంది. హిమాలయాల పాఠంలో నదుల పేర్ల తర్వాత ఈ రెండు వాక్యాలు బోర్డు మీద రాయిస్తున్నాను. ఇవి పరీక్షలో రావు.

ఉప్పల్ వైపు ఉన్నవాళ్ళకు కొండలతో ఇంకో చుట్టరికం ఉంది. తార్నాక వెళ్ళే ఉప్పల్ రోడ్డులోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరూ ఎన్‌జీఆర్‌ఐ అనే ఆ పచ్చటి ఆవరణ. 1961లో మొదలైంది. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ. 1767లో పుట్టిన ఆ శాఖే పదిహేనో నెంబరు శిఖరం ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తని తేల్చింది. కలకత్తా గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దర్ లెక్క కట్టి చెప్పిన ఆ శిఖరానికే తర్వాత ఎవరెస్టు పేరు పెట్టారు. పటాలు గీయడం నేర్చుకోవడానికి దేశం నలుమూలల నుంచి జనం మా ఉప్పల్‌కి వస్తారు. పటం మీద కాంటూరు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, ఎడంగా ఉంటే వాలు అని నేను చెప్పే పాఠం వాళ్ళకు వృత్తి. మౌలాలి ఎక్కడం మొదలుపెట్టాకే ఆ గీతలు నాకు పిక్కల్లో తెలిశాయి.

2022 ఆగస్టులో మేం మళ్ళీ లోయకు బయల్దేరాం. ఈసారి ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు. నేను, మా ఆయన, కాలేజీకొచ్చిన మావాడు. మా ఆయన ముందు ఒప్పుకోలేదు. "మళ్ళీ మనాలీ పోదాం, వాడికి సరదాగా ఉంటుంది" అన్నారు. మావాడే, "కాదు నాన్నా, అమ్మ నాలుగేండ్ల సంది గుట్ట ఎక్కుతుంది గదా, ఎందుకు ఎక్కుతుందో చూద్దాం" అన్నాడు.

ఈ లోయను బయటి ప్రపంచానికి పరిచయం చేసింది ఇంగ్లండు నుంచి వచ్చిన ఫ్రాంక్ స్మైత్. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ తన బృందంతో భ్యూందర్ కనుమ దాటి ఇందులోకి వచ్చాడు, ఆ పూలు చూసి ఆగిపోయాడు, 1937లో మళ్ళీ వచ్చాడు. కొండవాళ్ళకు మాత్రం అది అంతకుముందు నుంచీ తెలిసిన మేతనేలే. 1982లో జాతీయ పార్కు చేశారు, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఇక్కడ సందర్శకులు చేయడానికి ఉన్నది ఒక్కటే పని, నడవడం. బండి రాదు. కంచరగాడిదలు లోయ కింది ఊరైన ఘంగారియా దాకా వస్తాయి, లోయలోకి రానివ్వరు. నడవలేని ముసలివాళ్ళను వీపు మీది బుట్టలో మోసుకెళ్ళే కూలీలుంటారు. రాత్రి ఉండనివ్వరు, సాయంత్రానికల్లా అందరూ బయటికి రావాలి. ఇన్ని వద్దులు ఉన్నాయి కాబట్టే ఆ లోయ ఇంకా లోయగా ఉంది.

హరిద్వార్ నుంచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్సు. జోషీమఠ్‌లో ఒక రాత్రి ఆగాం. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడాలంటే ఇలా మధ్యలో ఆగడం అవసరం. మన ఊరు 500 మీటర్ల పై చిల్లర ఎత్తులో ఉంది, జోషీమఠ్ 1,900 దగ్గర, ఘంగారియా 3,000 దాటి. ఒక్కరోజులో అంత పైకి పోతే తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. మర్నాడు గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు, అక్కడి నుంచి ఘంగారియాకు తొమ్మిది, పది కిలోమీటర్ల ఎక్కుడు. దారంతా నది హోరు. వాన పడుతూ, ఆగుతూ. గుర్రాలు రాసుకుంటూ వెళ్తుంటే కొండవైపుకు ఒత్తిగిలి నిలబడాలి, లోయవైపుకు కాదు. నేను ముచ్చట పెడుతూ నడిచాను. బస్తీలో ఎవరింట్లో పెళ్ళి ఏమైందో, మా చిన్నప్పుడు నాచారంలో చెరువు ఎక్కడి దాకా ఉండేదో, నా పెళ్ళినాటి కబుర్లో, ఏదో ఒకటి. మావాడు నాకంటే ముందు పరుగెత్తి, ప్రతి మలుపులో కూలబడి, మళ్ళీ పరుగెత్తాడు. మధ్యాహ్నానికి వాడే నా పక్కకొచ్చి, నా అడుగులో అడుగు వేశాడు. ఆ పది కిలోమీటర్లలో వాడు తన గురించి చెప్పినంత, ఆ తర్వాతి రెండేళ్ళలో ఇంట్లో చెప్పలేదు. పక్కపక్కన నడుస్తూ, ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేకుండా, పిల్లలు చాలా చెప్తారు.

మర్నాడు పూలలోయ. పుష్పవతి నది మీది వంతెన దాటి, భూర్జవృక్షాల మధ్యనుంచి ఎక్కి, ఒక మలుపు తిరిగితే చెట్లు అయిపోయాయి. ఎదురుగా ఎటు చూసినా పువ్వు. నిలువెత్తు బాల్సమ్ గులాబీరంగులో వాలు వాలంతా, మధ్యలో గొడుగుల్లాంటి తెల్లపూల గుత్తులు, ఎర్రటి పొటెన్‌టిల్లా. రాళ్ళ సందుల్లో అక్కడక్కడా నీలి గసగసాల పువ్వు, కాగితంలాగా పలచని రేకులు, కాడనిండా ముళ్ళు. ఆ నీలం నేను ఏ చీరలోనూ చూడలేదు. మబ్బు దిగి అంతా మూసేసింది, కాసేపటికి తెరిచింది, తెరిచినప్పుడల్లా ఇంకో రంగు ముందుకొచ్చింది.

నేను తెలంగాణ ఆడదాన్ని. పువ్వు కనిపిస్తే చేయి ముందుకు పోతుంది. ఇంకో నెలకు బతుకమ్మ. చిన్నప్పుడు నాచారంలో ఇళ్ళు రాని జాగాలనిండా గునుగు ఉండేది, తంగేడు ఉండేది. పొద్దున్నే బుట్ట పట్టుకుని పోయి, కోసుకొచ్చి, సాయంత్రం చెరువులో వదిలేవాళ్ళం. ఇప్పుడు గునుగు ఉప్పల్ మార్కెట్లో కట్టల లెక్కన కొంటున్నాం. ఈ లోయలో పువ్వు కోయకూడదు. కోయకూడదన్న బోర్డు చూసినప్పుడు నా మనసు కొంచెం నొచ్చుకుంది. పూలను కోసి దేవతను చేసి నీళ్ళకు అప్పగించడం నాకు తెలిసిన భక్తి. కాస్త ముందుకు పోయాక కొందరు పనివాళ్ళు కొడవళ్ళతో ఒక మొక్కను గుట్టలు గుట్టలుగా కోస్తూ కనిపించారు. పాలిగోనమ్ అట. మేత ఆగిపోయిన తర్వాత అది విపరీతంగా పెరిగి మిగతా పూలను కప్పేస్తోందని ఏటా తీయిస్తున్నారు. పశువులు ఉన్నన్నాళ్ళూ అది అదుపులో ఉండేదా, లేదా అన్న వాదన ఇప్పటికీ ఉంది. నాకు మాత్రం ఆ కొడవళ్ళు చూశాక మనసు కుదుటపడింది. మనిషి చేయి పడకుండా పూలు వాటంతటవే బతుకుతాయని నేను ఎప్పుడూ నమ్మలేదు. ఏది కోయాలో, ఏది వదలాలో తెలిసిన చేయి కావాలి. మా అమ్మ గునుగు కోసేటప్పుడు కూడా విత్తనం పడేందుకు కొన్ని వదిలేది.

లోయ లోపల ఒక సమాధి ఉంది. జోన్ మార్గరెట్ లెగ్ అనే వృక్షశాస్త్రవేత్తది. 1939లో పూల నమూనాలు సేకరించడానికి వచ్చి, వాలు మీద కాలు జారి చనిపోయింది. ఆ రాతి పక్కన కూర్చుని మేం తెచ్చుకున్న పులిహోర తిన్నాం. మిగిలిన కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు సంచిలో పెట్టుకున్నాం. దారి పొడవునా చెత్త ఎత్తి కిందికి మోసేది ఆ లోయ గ్రామాల కమిటీలవాళ్ళే. మనం వదిలిన ప్రతి కవరూ ఎవరో ఒకరి వీపు మీద దిగుతుంది.

ఆ మర్నాడు హేమకుండ్ సరస్సుకు వెళ్ళాలన్నది అనుకున్న పని, 4,000 మీటర్లకు పైన. రాత్రి మా ఆయనకు తలనొప్పి పట్టుకుంది, పొద్దున్నకు తగ్గలేదు. పైకి వెళ్తే తగ్గుతుందేమో అన్నారు ఆయన. ఎత్తులో వచ్చిన తలనొప్పి తగ్గేదాకా పైకి పోకూడదు, పెరిగితే కిందికి దిగాలి. ఈ మాట మీద నేను పట్టుబట్టాను. మావాడు మూతి ముడుచుకున్నా నా మాటే విన్నాడు. కిందికి దిగాం. పుల్నా చేరేసరికి ఆయన మామూలు మనిషయ్యారు. చూడని హేమకుండ్ గురించి మా ముగ్గురిలో ఎవరికీ ఇప్పటిదాకా చింత లేదు.

దిగొచ్చాక జోషీమఠ్ కింద విష్ణుప్రయాగలో ఆగాం. అక్కడ ధౌలీగంగ వచ్చి అలకనందలో కలుస్తుంది. 2021 ఫిబ్రవరి 7న ఇదే ధౌలీగంగలో వరద వచ్చింది. పైన రోంటీ శిఖరం వాలు నుంచి సుమారు 2.7 కోట్ల ఘనమీటర్ల రాయీ మంచూ ఒక్కసారిగా విరిగిపడి, రిషిగంగ మీదుగా దూకి, రెండు జలవిద్యుత్ కేంద్రాలను తుడిచిపెట్టి, రెండువందల మందికి పైగా మనుషులను తీసుకుపోయింది. ఆ ప్రాంతంలో మా ఉప్పల్ రోడ్డు ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు పెట్టిన భూకంప పరికరాలు ఆ విరిగిపడటాన్నీ, వెనక వచ్చిన వరద కదలికనూ నమోదు చేశాయి. ఇలాంటి పరికరాలతో కింది ఊళ్ళకు కొన్ని నిమిషాల ముందైనా హెచ్చరిక పంపొచ్చని శాస్త్రవేత్తలు తర్వాత రాశారు. కొన్ని నిమిషాలు. థలౌట్ దగ్గర ఆ పిల్లలకు కావలసింది అంతే. 2023 జనవరిలో మేం పడుకున్న జోషీమఠ్‌లోనే ఇళ్ళు బీటలు వారి, నేల కుంగి, వందల కుటుంబాలు ఇళ్ళు వదిలినప్పుడు కూడా నేల పొరలు పరీక్షించడానికి వెళ్ళినవాళ్ళలో ఎన్‌జీఆర్‌ఐ బృందం ఉంది. మాకు టీ ఇచ్చిన దుకాణం ఏమైందోనని టీవీలో ఆ వీధి కోసం వెతికాను. కనిపించలేదు.

ఇప్పుడు ఎన్‌జీఆర్‌ఐ గేటు ముందు నుంచి మెట్రోలో పోతున్నప్పుడల్లా నాకు ఆ లోయ గుర్తొస్తుంది. అక్కడి నేల వణికితే ఇక్కడ గీత పడుతుందేమో అనిపిస్తుంది. పిల్లలకు కిటికీలోంచి చూపించి చెప్తాను.

ఎదురింటి అక్కకు ఫోన్లో పూలలోయ ఫొటోలు చూపించాను. ఒక్కొక్క ఫొటో దగ్గర చాలాసేపు ఆగి చూసింది. నీలి పువ్వును వేళ్ళతో పెద్దది చేసి, "దీన్ని కొయ్యకుంట ఎట్ల ఉన్నవే?" అంది. తర్వాత చాలా రోజులు ఏమీ అనలేదు. మొన్న మౌలాలి మీద, దర్గా గోడ పక్కన నీడలో నిలబడి ఉన్నప్పుడు, కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"చెల్లె, ఆ పూలలోయ ఇక్కడికెల్లి ఎటు దిక్కున్నది?"

ఉత్తరానికి చేయి చూపించాను, కాప్రా అవతలికి, పొగమంచు అవతలికి. ఆమె అటే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత, "నాకు అరవై నాలుగు. ఒచ్చే ఆషాఢం దాటినంక పోతే ఎట్లుంటది?" అంది.

పార్కువాళ్ళు పోనిస్తారు అన్నాను.

ఆమె మెట్ల వైపు తిరిగింది. సగం దాకా దిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ పైకి ఎక్కడం మొదలుపెట్టింది. నేను వెనక నడిచాను. మధ్యలో మాట ఆగలేదు.